జులై ఒకటిలో చోటు

జూన్ 8, శనివారం

పండగ సెలవులు అయ్యాక ఆఫీసుకు వెళ్తే నా కాలమ్ లేదు. ఆ చోట వాటర్ ప్యూరిఫయర్ ప్రకటన ఉంది. నగరానికి మురికినీళ్ళు తాగిస్తున్న కాంట్రాక్టరు ఎవరి బావమరిదో పోయినవారం రాశాను. దానికి జవాబు ఇంత చక్కగా వస్తుందనుకోలేదు.

ఎడిటర్ షౌకత్ తన గదిలో కూలర్ ముందు చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడు.

"మొహం అలా పెట్టకు, అబూ గాయిబ్. కొన్నాళ్ళు 'చరిత్రలో ఈ రోజు' చూసుకో. నాలుగు సంఘటనలు, మూడు పుట్టుకలు, మూడు చావులు. ఎవడికీ కోపం రాదు."

"చచ్చినవాళ్ళకి రాదనా నీ ధైర్యం?"

"చచ్చినవాళ్ళు నాకు ఫోన్ చెయ్యరు. పార్టీవాళ్ళు చేస్తారు."

అబూ గాయిబ్. లేనివాడి తండ్రి. పిల్లల్లేని మగవాణ్ణి బాగ్దాదులో అందరూ అలాగే పిలుస్తారు, అందులో ఎగతాళి కూడా ఉండదు. అయినా ఈ వయసులోనూ ఆ పిలుపు వింటే ఒళ్ళు మండుతుంది. ఈ దేశంలో లేనివాడికి బంధువు కానివాడు ఎవడు?

జూన్ 9

నీరో చచ్చిన రోజు. రష్యా జార్ ఒకడు పుట్టిన రోజు. వాళ్ళిద్దరి మధ్య పదహారు వందల ఏళ్ళపాటు జూన్ తొమ్మిదిన రొట్టె తిన్నవాడెవడూ లేడట.

జూన్ 12

డాక్టరు నన్ను వరండాలోకి తీసుకెళ్ళి చెప్పాడు. లోపల మంచం మీద ఉన్న అమ్మకు పక్కింటి టీవీ వినిపించదు గానీ ఆ మాట వినిపించింది.

"ఎన్నాళ్ళన్నాడు?"

"గుండె కొంచెం నీరసంగా ఉందన్నాడు. అంతే."

"అబద్ధాలు పత్రికలో రాసుకో నాయనా, నా మంచం దగ్గర కాదు." తర్వాత దిండు సర్దించుకుని, కూరల సంగతి మాట్లాడినంత మామూలుగా అంది. "నా గుడ్డకంటే ముందు వాడి గుడ్డ కట్టాలి."

సందు మొగలోని గోడ గురించే. పోయినవాళ్ళందరి నల్లగుడ్డలూ అక్కడే కడతారు. పసుపు రంగులో పేరు, పోయిన తేదీ, పరామర్శకు ఎక్కడికి రావాలో. నాన్నది అక్కడే కట్టాం. ఎదురింటి అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే గుడ్డ కట్టారు. నా తమ్ముడు గస్సాన్‌ది కట్టలేదు. కనుక గోడ లెక్కలో వాడు ఇరవై ఎనిమిదేళ్ళుగా బతికే ఉన్నాడు.

"తల్లి గుడ్డ కట్టిననాడు కొడుకేడని అడుగుతారు జనం. ఆ ప్రశ్నకి గోడ జవాబు చెప్పాలి. నువ్వు చెప్పలేవు."

"రుజువు లేదమ్మా."

"ఇంకేం రుజువురా? వాడు రాలేదు కదా."

తల్లులు ఇలాగే మాట్లాడతారు, రాజ్యాలకు కావలసింది కూడా సరిగ్గా ఇదే. తల్లి తనంతట తాను ఫైలు మూసేస్తే చంపినవాడు ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. తెలిసింది ఇంతే: తొంభై ఒకటి వసంతంలో కువైట్ నుంచి కాలినడకన వెనక్కి వస్తూ, సైన్యం తిరుగుబాటును అణిచేస్తున్న హిల్లా దారిలో ఒక టీ బండి దగ్గర బూట్లు విప్పుకుని కూర్చున్నాడు. తోటి సిపాయి ఒకడు చూశాడు. తర్వాత వాణ్ణి ఎవరూ చూడలేదు. రెండువేల మూడులో పాత ప్రభుత్వం కూలి, అక్కడ సామూహిక సమాధులు తవ్వినప్పుడు వెళ్ళాను. ఎముకల మూటల మధ్య నడిచాను. వాటితో పోల్చడానికి రక్తం ఇచ్చి వచ్చాను. ఏ జవాబూ రాలేదు. జవాబు రాలేదంటే చచ్చాడని కాదు. నేను ఎదురుచూడటం లేదు. రుజువు అడుగుతున్నాను. రెండూ ఒకటి కాదు.

గస్సాన్ ఉన్నప్పటి ల్యాండ్‌లైన్ తీసెయ్యమని మళ్ళీ అంది. ఇంటర్నెట్ కోసం ఉంచాను.

జూన్ 15

అమ్మ పోరు పడలేక నల్లగుడ్డలు రాసే లతీఫ్ దుకాణానికి వెళ్ళాను. గోడ నిండా సగం రాసిన పేర్లు ఆరుతున్నాయి. సంగతి చెప్పాను. కుంచె చెవి వెనక పెట్టుకున్నాడు.

"తేదీ?"

"లేదు."

"ఉస్తాద్, తేదీ లేని గుడ్డ నేను రాయను. దాన్ని చూసి జనం మూడోరోజు పరామర్శకి రావాలా, నలభయ్యో రోజుకి రావాలా, ఏడాదికి రావాలా? వాళ్ళకి తెలియాలి కదా?"

"ఏదో ఒక రోజున రారా?"

"ఏదో ఒక రోజున వచ్చేది కరెంటు మాత్రమే."

నవ్వాను. హాయిగా అనిపించింది. తేదీ లేదు, గుడ్డ లేదు. వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె నా ముఖం చూసి, "నీకు సంతోషంగా ఉన్నట్టుందే" అంది.

లేదు.

జూన్ 17

జులై ఒకటి పేజీకి సరుకు ముందే సిద్ధం చేశాను. మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ యుద్ధం మొదలైంది: ఒక్కరోజులో ఒక్క ఇంగ్లీషు సైన్యంలోనే ఇరవై వేలమంది దాకా చచ్చారు. కెనడా ఏర్పడింది. సోమాలియా, రువాండా, బురుండీలకు స్వాతంత్ర్యం. హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళింది. పుట్టుకల్లో ఒక ఇంగ్లీషు రాకుమారి. చరిత్ర అంటే ఇదే: చంపించినవాడికి పేరు, చచ్చినవాళ్ళకు అంకె.

పేజీ పెట్టే రుసుల్ దాన్ని తెర మీద చూసి కుర్చీ నా వైపు తిప్పింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నాలుక మాత్రం యాభై ఏళ్ళది.

"ఇదేంటి ఉస్తాద్, జులై ఒకటిన ఇంతమందేనా పుట్టింది? మా నానమ్మేది? మా తాతేడి? ప్రెస్సు ఫోర్‌మనేడి? గేటు దగ్గర అబూ కరారేడి? మన షౌకత్ ఉస్తాదేడి?"

ఇన్నేళ్ళుగా ఆ కేకు తింటున్నాను. ఏటా జులై ఒకటిన ఆఫీసులో ఒకే కేకు కోస్తారు, అయిదుగురు ముసలాళ్ళు ఒకే కత్తి పట్టుకుంటారు, అందరం పాత జోకు వేసుకుని నవ్వుతాం: మీ అమ్మలందరూ ఒకే ఆస్పత్రికి పరిగెత్తారా అని. పంతొమ్మిదివందల యాభై ఏడు జనాభా లెక్కల్లో పుట్టిన రోజు చెప్పలేనివాళ్ళకు జులై ఒకటి రాసేశారు. సంవత్సరం మనిషి ముఖం చూసి వేశారు. పల్లెలకు పల్లెలు, గుడిసెలకు గుడిసెలు, ఒక తరం మొత్తం ఒకే రోజున పుట్టింది. మా అమ్మ నాజియా కూడా.

ఇవాళ ఆ జోకుకు నవ్వు రాలేదు. సముద్రం ఒడ్డున కాళ్ళు తడుపుకుంటూ, అది సముద్రమని ఇన్నాళ్ళూ గమనించనివాడిలా అయిపోయాను. ఈ భూమ్మీద ఏ రాజు పుట్టినరోజుకూ ఇంతమంది లేరు.

షౌకత్ గదిలోకి వెళ్ళాను. జులై ఒకటిన పుట్టుకల కింద వీళ్ళ పేర్లు వేద్దాం, పాఠకుల్ని ఫోన్ చెయ్యమందాం అన్నాను.

"ఆ కాలమ్ ప్రముఖులకి."

"నువ్వు ఎడిటరువి. నువ్వు ప్రముఖుడివి కాదా? నీది జులై ఒకటే కదా?"

"నేను జులై ఒకటిన పుట్టలేదు. నన్ను జులై ఒకటిన రాసుకున్నారు. మా అమ్మ చెప్పేది గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో అని. ఆ కాగితం వల్లే రెండేళ్ళు ముందే సైన్యంలోకి పోయాను తెలుసా?" కూలర్ తన వైపు తిప్పుకున్నాడు. "పెద్దగా వద్దు, చిన్న పెట్టె. ఆఫీసు ఫోన్ నంబరు ఇవ్వకు. నాకు పార్టీలవాళ్ళే చాలు."

మా ఇంటి ల్యాండ్‌లైన్ ఇచ్చాను. వేరే నంబరు లేదు కాబట్టి.

జూన్ 20

పత్రికలో పెట్టె వచ్చింది. ఫోన్ మోగింది. ఆ ఫోన్ మోగితే నేను ఎక్కడున్నా పరిగెత్తి తీస్తాను, అలవాటు. ఇన్నేళ్ళూ అన్నీ రాంగ్ నంబర్లే. సబ్బు కళ్ళతో స్నానాల గదిలోంచి వచ్చేసరికి అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళి తీసేసింది.

"ఆఁ, ఇదే. నేను ఆ రాసినవాడి అమ్మని. నాదీ జులై ఒకటే తల్లీ. నీ పేరు చెప్పు. అది సరేలే, నిజంగా ఎప్పుడు పుట్టావు?"

నేను పేరు మాత్రమే అడిగాను పత్రికలో. ఆ రెండో ప్రశ్న అమ్మది.

జూన్ 22

వరదలో వంతెన పడవలు కొట్టుకుపోయిన వారం. గుడ్డి గేదె ఈనిన రాత్రి. చిన్నాన్న పెళ్ళిలో తుపాకీ పేలిన మర్నాడు. ఖర్జూరం పసుపు తిరిగే వేళ. ఊరికి మొదటి రేడియో వచ్చినప్పుడు, అది మాట్లాడగానే తల్లికి నొప్పులు మొదలయ్యాయట. నాసిరియా నుంచి ఒకాయన తమ ఇంట్లో అమ్మ, నాన్న, తాత, మేనత్తలు అందరూ ఒకే రోజున పుట్టారనీ, అందుకని ఒకరికి శుభాకాంక్షలు చెప్పి మరొకరికి చెప్పకపోతే ఏడాదంతా పోట్లాటేననీ చెప్పాడు. మోసుల్ నుంచి ఒక ముసలామె తాను మంచులో పుట్టానంది. "మంచులో పుట్టినదాన్ని జులైలో రాశాడే, వాడి చేతికి చెమట పట్టలేదా?"

అమ్మ స్పీకర్ పెట్టింది. కుర్చీ ఫోన్ పక్కకే వేయించుకుంది. నేను మంచం అంచున కూర్చుని పేర్లు రాసుకుంటున్నాను. చేతికి నొప్పి పుడుతోంది, రాయడం ఆపబుద్ధి కావడం లేదు.

నేను ముప్ఫై ఏళ్ళుగా ప్రజలు అన్న మాట రాస్తున్నాను. ప్రజలకు అన్యాయం, ప్రజల నీళ్ళు, ప్రజల సొమ్ము. ఆ ప్రజలకు ఇంత చక్కటి క్యాలెండరు ఉందని నాకు తెలియదు. వానల్తో, మిడతల్తో, ఈనిన గేదెలతో ఏడాది నిండిపోయి ఉంది. దాని మీద ఒక గుమాస్తా పెన్ను అడ్డంగా గీత కొట్టింది. గీత కింద అదంతా చెరగకుండా ఉంది. అడిగినవాడే లేడు.

అమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. డాక్టరు చూస్తే తిడతాడు.

జూన్ 24

నన్ను ఫోన్ తియ్యనివ్వడం లేదు.

జూన్ 26

ఫోన్లు ఆగాక, నూమీ బస్రా టీ అడిగింది. ఎండు నిమ్మకాయ కొంచెం ఎక్కువ వెయ్యమంది. తాగి, గ్లాసు నా చేతికి ఇచ్చి అంది:

"గస్సాన్‌కి నా రోజు ఇచ్చేస్తాను."

అర్థం కానట్టు ఏ రోజన్నాను.

"జులై ఒకటి రా. గుడ్డ మీద అది రాయించు. లతీఫ్‌కి తేదీ కావాలి కదా."

"అమ్మా, అలా ఇచ్చేసే వస్తువు కాదు తేదీ. నేను ఏ తేదీ వేసినా రెండు ఆధారాలు చూసి వేస్తాను. నా వృత్తి అది."

"నా తేదీకి ఎన్ని ఆధారాలున్నాయి? లెక్కలవాడు గుమ్మంలో నిలబడ్డాడు. మీ నాన్న టీ ఇచ్చాడు. ఈవిడ ఎప్పుడు పుట్టిందన్నాడు. మిడతల ఏడు అన్నాను. మిడతలకి నెల లేదా అని వాడే నవ్వుకుని జులై ఒకటి వేశాడు. దానిమీదే నాకు గుర్తింపు కార్డు వచ్చింది. దానిమీదే మీ నాన్న పింఛను తీసుకుంటున్నాను. దానిమీదే హజ్ చేసొచ్చాను. దేవుడు నన్ను గుమ్మంలో ఆపి, నాజియా, ఈ తేదీ తప్పు అనలేదు."

"అది రాజ్యం చేసిన తప్పు. దాన్ని మనం మళ్ళీ చేస్తామా?"

"వాడు ఎవడో తెలియని గుమాస్తా. టీ తాగినంతసేపు నన్ను చూసి నా రోజు రాశాడు. నేను గస్సాన్‌ని తొమ్మిది నెలలు మోశాను. నేను రాయకూడదా?"

"అది అబద్ధమవుతుంది."

"వాడు పుట్టిన రోజు నాకు తెలుసు, నేను కన్నాను కనక. వాడు పోయిన రోజు ఎవడికి తెలుసు? చంపినవాడికి. వాడు చెప్పడు. వాడు చెప్పేదాకా నా కొడుకు ఆత్మ కోసం ఒక ఫాతిహా కూడా చదవకూడదా? ఆ తేదీ కూడా వాడి జేబులోనే ఉండాలా?"

టీవీ చర్చల్లో మంత్రుల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించాను. అమ్మ ముందు మాత్రం కోపం వచ్చింది. వాడు చచ్చాడని నీకెలా తెలుసు అని అరిచాను. అరిచాక చూస్తే ఫ్యాను తిరగడం లేదు. కరెంటు పోయినట్టుంది, అప్పుడే గమనించాను.

అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నాకు తెలిసి చాలా కాలమైందిరా. నీకోసమే ఆగాను."

జూన్ 27

ఒప్పుకోలేదు.

జూన్ 28

అమ్మ నిద్రపోతుంటే ఫోన్ మోగింది. పరిగెత్తాను. బస్రా నుంచి ఎవరో పెద్దావిడ.

"జులై ఒకటి. పేరు రాసుకో నాయనా. ఎందుకలా రొప్పుతున్నావు? ఎవరి ఫోన్ కోసమైనా చూస్తున్నావా?"

లేదని చెప్పాను.

జూన్ 29

లతీఫ్ దుకాణం. తేదీ చెప్పాను. కుంచె ఆగింది. నాది కూడా జులై ఒకటే ఉస్తాద్ అన్నాడు, ఇంకేమీ అడగలేదు. నేను నిలబడి ఉండగానే మా తమ్ముడి పేరు పసుపు రంగులో ఒక్కో అక్షరంగా వచ్చింది. గస్సాన్ యాసీన్. ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఎంత అందమైన పేరో.

అక్కణ్ణించి ఆఫీసు. పుట్టుకల కింద పేర్లు నింపాం, చీమ తలకాయంత అక్షరాల్లో. ప్రతి పేరు పక్కనా అమ్మ అడిగి రాబట్టిన రోజు: మిడతలు, మంచు, రేడియో. చావుల కింద ఒక్క వాక్యం: గస్సాన్ యాసీన్, బాగ్దాద్, ఈ తేదీ తల్లి ఇచ్చినది. ఆ కింద మా సందు పేరు, పరామర్శ వేళ.

షౌకత్ కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి చదివాడు. చాలాసేపు చదివాడు. ప్రముఖులకి మాత్రమే అంటాడని గొడవకు సిద్ధంగా నిలబడ్డాను. నాలుగు వాదనలు వరసలో పెట్టుకుని ఉన్నాను.

"చోటు చాలడం లేదు," అన్నాడు. "సోమ్ యుద్ధం తీసెయ్. హాంకాంగ్ కూడా తీసెయ్."

రుసుల్ ఒక్క మీట నొక్కింది. చైనా, ఇంగ్లండూ పోయాయి. ఆ చోటులోకి గుడ్డి గేదె ఈనిన రాత్రి వచ్చి కూర్చుంది.

షౌకత్ గొంతు తగ్గించి అడిగాడు. "నాది వేశావా? గొర్రెల బొచ్చు?"

"రెండో వరసలో ఉంది."

జులై 1, సోమవారం

వరసగా రాస్తేనే నమ్ముతాను.

పొద్దునే లతీఫ్ తనే నిచ్చెన తెచ్చి గుడ్డ కట్టాడు. సందులో కుర్చీలు వేశాం. చేదు కాఫీ కాచాం. వీధివాళ్ళు వస్తారు, ఆఫీసువాళ్ళు వస్తారు, ఒక గంటలో అయిపోతుంది అనుకున్నాను. అమ్మ నల్ల అబాయా వేసుకుని గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. ఆడవాళ్ళు లోపల కదమ్మా కూర్చునేది అంటే, లోపల్నుంచి గోడ కనిపించదు అంది.

మొదట ఒక ముసలాయన వచ్చాడు. ఎవరో తెలియదు. చేతిలో మా పత్రిక, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఫాతిహా చదివాడు. కాఫీ తాగాడు. వెళ్ళకుండా గోడ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"అబ్బాయి పోయిన రోజు అమ్మే ఇచ్చిందని రాశారు. అలా ఇవ్వొచ్చా?"

గుమ్మంలోంచి అమ్మ అంది. "ఇవ్వొచ్చు అన్నా. నేనిచ్చాను."

"మా పెద్దవాడిది కూడా తెలియదమ్మా. ఎనభై మూడు నుంచి."

"పేరు చెప్పు."

చెప్పాడు. లతీఫ్ నిచ్చెన ఇంకా తీసుకెళ్ళలేదు, రంగు డబ్బా మూత ఇంకా బిగించలేదు. నన్ను చూశాడు. నేను అమ్మను చూశాను. మా తమ్ముడి పేరు కింద ఆ పేరు రాశాడు. ముసలాయన తల ఎత్తి, తండ్రి కొడుకు ఎత్తు చూసుకున్నట్టు, ఆ అక్షరాల్ని కిందనుంచి పైదాకా చూశాడు.

తర్వాత బస్సుల స్టాండు వైపు నుంచి వచ్చారు. ఇద్దరు, నలుగురు, ఒక కుటుంబం. షియాల సద్ర్ సిటీ నుంచి, కాజిమియా నుంచి, సున్నీల అదామియా నుంచి. ఏ వీధివాళ్ళు ఏ వీధిలోకి రారో ఈ నగరంలో అందరికీ తెలుసు. ఇవాళ వాళ్ళందరూ మా సందులోకి వచ్చారు. ఫోన్‌లో మంచులో పుట్టానన్న మోసుల్ ముసలామె మధ్యాహ్నం దాటాక మనవడి భుజం పట్టుకుని వచ్చి అమ్మను చూడగానే, "నువ్వేనా మిడతలు?" అంది. "నువ్వేనా మంచు?" అంది అమ్మ. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఆమె భర్త పేరు రాయించింది. తర్వాత అన్న పేరు. తర్వాత, కొంచెం సిగ్గుపడుతూ, పక్కింటావిడ కొడుకు పేరు, "ఆవిడ రాలేకపోయింది, అడగమంది."

గుడ్డ నిండిపోయింది. షౌకత్ బజారుకు వెళ్ళి ఒక తాను నల్లగుడ్డ తెచ్చాడు. రుసుల్ చింపి ఇస్తోంది, ప్రెస్సు ఫోర్‌మన్ కడుతున్నాడు, లతీఫ్ రాస్తున్నాడు. అతని చెయ్యి నొప్పి పుడితే మధ్యలో కొన్ని నేను రాశాను. నా అక్షరం బాగుండదు, ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. పేరు పూర్తయినప్పుడల్లా సందంతా ఒక్కసారి ఫాతిహా చదివేది, ఆ చిన్న హోరు గోడల మధ్య అలలా వెళ్ళి వచ్చేది. నాకు నమాజు లేదని అందరికీ తెలుసు. నా పెదవులు కదులుతున్నాయి.

ఈ రోజు జరగాల్సింది రాజ్యం చెయ్యాలి. కోర్టులో, ఎముకలతో, నేరస్థుడి పేరుతో సహా. అది వదలను, రేపే రాస్తాను, షౌకత్ వేసినా వెయ్యకపోయినా. కానీ ఇవాళ నేను చూసింది వాదనకు లొంగదు. ఒక గుమాస్తా బద్ధకంగా వేసిన తేదీని ఒక ముసలిది తన చేత్తో విప్పి పందిరిలా పరిచింది. దాని కింద ఊరు ఊరంతా పట్టింది.

సాయంత్రం గోడ అటు చివరిదాకా నల్లగా అయింది. లతీఫ్ దగ్గర రంగు అడుగంటింది. అప్పుడు ఇంకొకావిడ వచ్చింది, బాగా ఆలస్యంగా, దూరం నుంచి నడిచి వచ్చినట్టు చెప్పుల నిండా దుమ్ము. గోడను చూసి అక్కడే ఆగిపోయింది.

"నిండిపోయిందా?"

అమ్మ కుర్చీలోంచి చెయ్యి ఊపి పిలిచింది.

"రా తల్లీ. జులై ఒకటి చాలా పెద్ద రోజు. చోటుంది."

జులై 2

పొద్దున ఫోన్ మోగింది. టీ తాగడం పూర్తిచేసి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళి తీశాను.